స్లో కుకర్‌లో పెద్ద కూర: నీళ్ళు నీళ్ళుగా కాకుండా ఇగురులా రావాలంటే?

రాత్రిడ్యూటీ · శనివారం, ఉదయం 10:20

అందరికీ నమస్తే. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. ఇద్దరివీ హాస్పిటల్ ఉద్యోగాలే, నాది ఎక్కువగా రాత్రి షిఫ్టు. ఈమధ్య సేల్‌లో 6 క్వార్ట్‌ల (ఆరు లీటర్లకి కాస్త తక్కువ) స్లో కుకర్ కొన్నాం, అదే, పింగాణీ కుండని కరెంటుతో సన్న సెగన గంటల తరబడి వేడిచేసేది. పొద్దున ఇంటికొచ్చి ఆన్ చేసి పడుకుంటే, సాయంత్రం లేచేసరికి కూర రెడీగా ఉండాలని ఆశ.

బీఫ్ కూర ప్రెషర్ కుకర్‌లో బాగానే వండుతాను. మాది గుంటూరు వైపు. కారం దండిగా ఉండాలి, ఇగురు దగ్గరపడాలి, అన్నంలో కలిపితే ముద్దకి పట్టాలి. ఇక్కడి ఇంగ్లీషు వంటల సైట్లలో "ఇండియన్ బీఫ్ కర్రీ" అని వెతికితే, అన్నీ పచ్చివే కుండలో పడేసి రెండు కప్పుల నీళ్ళు పోసి మూత పెట్టెయ్యమంటున్నారు. ఉల్లిపాయలు కూడా పచ్చివే! చదువుతుంటేనే నమ్మకం కుదరట్లేదు.

ఏ ముక్క కొనాలి? నీళ్ళు ఎంత? రాత్రి డ్యూటీకి వెళ్ళేముందే అన్నీ సిద్ధం చేసి పెట్టుకోవచ్చా? గోంగూర వేయాలంటే ఎప్పుడు? తెలిసినవాళ్ళు చెప్పండి.

బ్యాచిలర్_వంటగది · 10:31

నీళ్ళు పోయకండి. మిగతావి పెద్దలు చెప్తారు.

మిరపతోట · 11:05

పైన తమ్ముడు చెప్పింది నిజమే. ఎందుకో చెప్తాను.

గిన్నెలో వండినప్పుడు ఆవిరి బయటికి పోతుంది, కూర ఇగురుతుంది. స్లో కుకర్‌లో మూతకి పట్టిన ఆవిరి చుక్కలై మళ్ళీ కూరలోకే పడుతుంది. పొద్దస్తమానం ఉడికినా నీరు తగ్గదు. పైగా మాంసం నీరు వదులుతుంది, ఉల్లి, టమాటా వదులుతాయి. కిలో మాంసానికి అర కప్పు చాలు. అది కూడా బాణలికి అంటుకున్న మసాలా కడిగి పోసుకోవడానికి.

ఇంకో సంగతి. ఈ కుండ ఎంత హైలో పెట్టినా 100 డిగ్రీలు దాటదు. ఉల్లిపాయ ఎర్రబడాలన్నా, ముక్క పైన రంగు పట్టాలన్నా దాదాపు 140 డిగ్రీల వేడి కావాలి. కాబట్టి పచ్చి ఉల్లిపాయ ఇందులో ఉడుకుతుందే గానీ ఎన్ని గంటలున్నా వేగదు. అల్లం వెల్లుల్లి పచ్చివాసన నూనెలోనే పోవాలి. ధనియాల పొడి, కారం కూడా అంతే. మన కూరకి రుచి వచ్చేది పొయ్యి మీద. కుండ చేసేది మాంసాన్ని మెత్తబరచడం ఒక్కటే. ఆ సైట్లు ఈ రెండు పనుల్నీ కుండకే అప్పజెప్తున్నాయి, అందుకే ఆ కూరలు రంగు నీళ్ళలా ఉంటాయి.

రెండున్నర పౌండ్ల మాంసానికి నేను వేసేవి: పెద్ద ఉల్లిపాయలు 3, అల్లం వెల్లుల్లి ముద్ద 2 పెద్ద చెంచాలు, టమాటాలు 2, గుంటూరు కారం 2 పెద్ద చెంచాలు (మీ ఇంటి అలవాటుని బట్టి), ధనియాల పొడి 2 పెద్ద చెంచాలు, పసుపు అర టీస్పూను, నూనె 5 పెద్ద చెంచాలు. ఉల్లిపాయలు సన్నగా తరిగి, చివర్లు ఎర్రబడేదాకా వేయించండి. 15 నిమిషాలు పడుతుంది, తొందరపడొద్దు. తర్వాత అల్లం వెల్లుల్లి, ఆపైన పొడులు, టమాటా. నూనె తేలాక ఈ మసాలా అంతా కుండలోకి. పైన మాంసం, ఉప్పు. "లో" సెగలో 8 గంటలు, "హై"లో అయితే 4 నుంచి 5 గంటలు.

లవంగం, దాల్చినచెక్క మాత్రం మామూలుగా వేసేదాంట్లో సగమే వేయండి. అంతసేపు మూత కింద నానితే కషాయం వాసన వస్తుంది. గరం మసాలా పొడి ఆఖరి పావుగంటలోనే. పెరుగు వేసే అలవాటుంటే అది కూడా చివర్లోనే, మొదట్లో వేస్తే విరిగిపోతుంది.

నల్లిబొక్క · 11:48

ముక్క సంగతి నేను చెప్తా. మా మామకి న్యూజెర్సీలో హలాల్ మాంసం దుకాణం ఉంది, శని ఆదివారాలు కౌంటర్ దగ్గర నేను కూడా నిలబడతా.

వచ్చినవాళ్ళలో చాలామంది కొవ్వు లేని ఎర్రటి ముక్క చూపించి అదే కొట్టమంటారు. సిర్లాయిన్, టాప్ రౌండ్ లాంటివి. స్లో కుకర్‌కి అవి దండగ. ఎక్కువ కష్టపడిన కండే దీనికి సరైంది: భుజం దగ్గరి చక్, కాలి పిక్క అంటే షాంక్, రొమ్ము భాగం అంటే బ్రిస్కెట్, తోక. వీటిలో తెల్లగా, సాగినట్టు పొరలుంటాయి. అది కొలాజెన్. 70 డిగ్రీలు దాటాక నెమ్మదిగా కరిగి జెలటిన్ అవుతుంది. వేళ్ళకి జిగురుగా అంటుకునే రసం దానివల్లే వస్తుంది. ఆ పొరలు లేని ముక్కకి అంతసేపు ఉడికాక మిగిలేది పీచే.

ఇంకొకటి, సూపర్ మార్కెట్లో "స్ట్యూ మీట్" అని కోసి పెట్టిన ప్యాకెట్లు కొనకండి. నాలుగు రకాల కండలు కలిసి ఉంటాయి. ఒకటి కరిగిపోతుంది, పక్కది రబ్బరులా మిగులుతుంది. చక్ రోస్ట్ పూర్తి ముక్క తీసుకుని ఇంట్లోనే కోసుకోండి. ప్రెషర్ కుకర్‌కి కోసేంత చిన్నవి కాదు, రెండంగుళాలు ఉండాలి.

ఒక్క నల్లి బొక్క అడిగి వేయించుకోండి. ఏ దుకాణంలో అయినా తక్కువకే ఇస్తారు.

మెల్‌బోర్న్_అమ్మమ్మ · 12:30

మా ఆస్ట్రేలియాలో షాంక్‌నే "గ్రేవీ బీఫ్" అని అమ్ముతారు, షిన్ అన్నా అదే. చక్‌ని మాత్రం ఇక్కడా చక్ అనే అమ్ముతారు.

మిరపతోట గారి పద్ధతి బాగుంది కానీ, చాలామంది మాంసం ముక్కల్ని కూడా విడిగా పెనం మీద ఎర్రగా కాల్చమంటారే, అది మన కూరకి అక్కర్లేదమ్మా. "రసం లోపల బంధిస్తుంది" అనేది ఒట్టి మాట. కాల్చిన ముక్క నుంచీ నీరు వస్తూనే ఉంటుంది. మసాలా బాగా వేగితే చాలు, నేను పచ్చి ముక్కలే వేస్తాను.

మిరపతోట · 12:52

అమ్మమ్మ గారూ, రసం బంధించడం అబద్ధమే, ఒప్పుకుంటాను. కానీ కాల్చితే వచ్చే రుచి అబద్ధం కాదు కదండీ. తేడా తెలుస్తుంది.

మెల్‌బోర్న్_అమ్మమ్మ · 13:04

ఇంత కారం, ఇన్ని ధనియాలు పడ్డాక ఎవరికి తెలుస్తుంది నాయనా? అది ఉప్పు, మిరియాలు తప్ప ఏమీ వేయని వాళ్ళ వంటకి.

నల్లిబొక్క · 13:20

ఇద్దరికీ మధ్యన ఒక దారి ఉంది, మన ఇళ్ళలో ఉన్నదే. ఉల్లిపాయ వేగాక ముక్కల్ని పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లితో అదే గిన్నెలో వేసి, పెద్ద మంట మీద కలుపుతూ ఉంటారు గదా. ముందు నీరు ఊరుతది, తర్వాత ఆ నీరు ఇగిరి నూనె పైకొస్తది. అప్పుడు కారం, ధనియాలు. నీసు వాసన అక్కడే పోతది. ఆ దశ దాకా పొయ్యి మీద చేసి, అప్పుడు కుండలోకి మార్చండి. మాంసం వదిలే నీరు చాలావరకు ముందే పోయింది కాబట్టి సాయంత్రం కూర చిక్కగా ఉంటది.

మిరపతోట · 13:26

ఇది నాకు తట్టలేదు. పై పోస్టులో నేను చెప్పినదానికంటే ఇదే మేలు.

సాత్వికం · 14:10

తెలుగు వేదికలో వంటలు పెట్టడానికి ఇదే దొరికిందా?

నిర్వాహకులు · 14:22

ఇది మాంసాహార వంటల విభాగం. ఇష్టం లేని చర్చ తెరవకపోవచ్చు. దీని మీద వచ్చిన మరో 4 పోస్టులు తీసేశాం. కూర గురించే మాట్లాడండి.

కుల్చా_నహారీ · 15:02

హైదరాబాద్ నుంచి. ఇక్కడ మాకు దొరికేది బర్రె, దున్న మాంసమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి 1977 చట్టం ప్రకారం ఆవుని కోయడం నిషేధం, రెండు రాష్ట్రాల్లోనూ ఆ చట్టమే నడుస్తోంది.

నాదొక ప్రశ్న. మీరంతా స్లో కుకర్ చేత ఇగురు ఎందుకు చేయించాలనుకుంటున్నారు? దానికి చేతకాని పనే అది. దానికి పుట్టుకతో వచ్చిన వంట నహారీ. పాతబస్తీలో రాత్రంతా సన్న సెగ మీద దేగ్ (పెద్ద గుండిగ) ఉడుకుతుంది, తెల్లవారుజామున జనం కుల్చాలతో కూర్చుంటారు. పాయా (కాళ్ళు), జబాన్ (నాలుక) కలిపి వండుతారు. అది పల్చగానే ఉండాలి, ఇగరాల్సిన పనే లేదు. మసాలా దినుసులు గుడ్డలో మూటగట్టి వేస్తారు, చాలనుకున్నప్పుడు మూట తీసేస్తారు. పైన ఎవరో అన్నారే కషాయం వాసన అని, దానికి మందు ఈ మూటే.

దాల్చా కూడా అంతే. శనగపప్పు, సొరకాయ, ఎముక ముక్కలు. చింతపండు పులుసు మాత్రం పప్పు మెత్తబడ్డాకే పోయాలి, పులుపు ముందే తగిలితే పప్పు ఉడకదు. ఆలుగడ్డ కూడా పులుపులో బిర్రుగా ఉండిపోతుంది. ఆలు వేస్తే కుండ అడుగున, మాంసం కింద వేయాలి.

బ్యాచిలర్_వంటగది · 15:15

నహారీ మాట ఎత్తి శనివారం మధ్యాహ్నం ఏడిపించారు అన్నా.

కువైట్_కారం · 15:40

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట. ఇక్కడ చౌకగా దొరికేది ఇండియా నుంచి వచ్చే ఫ్రోజెన్ బర్రె మాంసం. కొవ్వు బాగా తక్కువ, పీచు లావు. అమెరికా చక్‌కి చెప్పిన టైము దీనికి చాలదు, లోలో ఇంకో గంట, గంటన్నర పడుతుంది. నూనె కూడా కాస్త ఎక్కువ పోసుకోవాలి. పచ్చి బొప్పాయి ముద్ద ఒక చెంచా పట్టించే అలవాటు కొందరికి ఉంది, ప్రెషర్ కుకర్‌కి సరే. స్లో కుకర్‌లో వేస్తే పైపైన పిండి అయిపోతుంది, నేనైతే వద్దంటాను.

రాత్రిడ్యూటీ · 16:05

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. నల్లిబొక్క గారి పద్ధతిలో చేస్తాను. ఒక సందేహం మిగిలింది. డ్యూటీకి వెళ్ళేముందు మాంసం మసాలాలో వేయించి, కుండతో సహా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున వచ్చి ఆన్ చేస్తే?

థర్మామీటర్ · 16:38

ఆగండి ఆగండి. ఆహార భద్రత నా ఉద్యోగం (కెనడా), అందుకే ఇందులోకి దూరుతున్నాను.

మాంసం సగం వేయించి ఫ్రిజ్‌లో దాచి తర్వాత ఉడికించడం మంచిది కాదు. సగం వేడికి బ్యాక్టీరియా చావదు, చల్లారేలోపు ఇంకా పెరుగుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ కూడా ఇదే చెప్తుంది. 4 నుంచి 60 డిగ్రీల మధ్య మాంసం ఎంత తక్కువసేపు ఉంటే అంత క్షేమం. స్లో కుకర్ అసలే నెమ్మదిగా వేడెక్కుతుంది. దానికి ఫ్రిజ్‌లో చల్లబడ్డ బరువైన పింగాణీ కుండ కూడా తోడైతే ఆ మధ్య దశలోనే చాలాసేపు ఉండిపోతుంది. కుండ పగిలే ప్రమాదం కూడా ఉంది.

రాత్రి ఉల్లిపాయ మసాలా ఒక్కటే పూర్తిగా వేయించి డబ్బాలో పెట్టండి. కోసిన మాంసం పచ్చిగా, వేరే డబ్బాలో. పొద్దున మసాలా వేడిచేసి, అందులో మాంసం వేసి నీరు ఇగిరేదాకా తిప్పి, వేడివేడిగా కుండలోకి వేయండి. 20 నిమిషాల పని.

గడ్డకట్టిన మాంసం నేరుగా వేయొద్దు, ముందురోజే ఫ్రిజ్‌లో కరగనివ్వాలి. టైమర్ పెట్టి పచ్చి మాంసాన్ని గంటల తరబడి కుండలో వదిలెయ్యడం కూడా వద్దు. కుండ సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా నిండాలి. మీ 6 క్వార్ట్‌ల కుండకి రెండున్నర పౌండ్లు తక్కువే, కొంచెం త్వరగా ఉడుకుతుంది, మొదటిసారి ఏడో గంటకి చూడండి. అంతకుముందు మూత తీయొద్దు. తీసిన ప్రతిసారీ 20 నిమిషాలో అరగంటో వెనక్కి పోతుంది.

విజయవాడ_వేడి · 17:10

మధ్యలో కరెంటు పోతే? మా చెల్లెలు అమెరికా నుంచి ఒకటి తెచ్చి ఇచ్చింది, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

థర్మామీటర్ · 17:21

ఇంట్లోనే ఉంటే వెంటనే గ్యాస్ మీదకి మార్చి పూర్తిచేయండి. ఇంట్లో లేనప్పుడు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే పారేయడమే.

ముందు మీ కుకర్ అడుగున రాసింది చూడండి. అమెరికాది 120 వోల్టులు. మన 230కి నేరుగా గుచ్చితే ఆ రోజే కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

విజయవాడ_వేడి · 17:25

అమ్మో. అట్టపెట్టెలోనే ఉండనిస్తాను.

ఫ్రిస్కో_చిన్నోడు · 17:50

ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుకర్)లో కూడా స్లో కుక్ బటన్ ఉంది కదా, అదీ ఇదీ ఒకటేనా?

మిరపతోట · 18:02

ఒకటే కాదు. దానికి వేడి అడుగు నుంచే వస్తుంది, స్లో కుకర్ కుండకి చుట్టూ తగులుతుంది. అందులో "లెస్" అని ఉండేది మరీ తక్కువ. "మోర్" పెట్టండి. అయినా ఇన్‌స్టంట్ పాట్ ఉన్నవాళ్ళు ప్రెషర్‌లో 35 నిమిషాలు పెట్టుకోక ఈ తిప్పలెందుకు?

కుల్చా_నహారీ · 18:15

ప్రెషర్‌లో ముక్క మెత్తబడుతుంది, అది వేరే మెత్తదనం సార్.

మిరపతోట · 18:19

మళ్ళీ మొదలు.

గోంగూర_గ్యాంగ్ · 19:30

గోంగూర ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు, అన్యాయం. రాత్రిడ్యూటీ అక్కా, మొదట్లో మాత్రం వేయకండి. అన్ని గంటలు ఉడికిన ఆకుకి రుచి చచ్చిపోతుంది. ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ గోంగూర దొరుకుతుంది. దాన్ని విడిగా బాణలిలో నూనె, పచ్చిమిర్చి వేసి నీరంతా ఇగిరి ముద్దయ్యేదాకా వేయించండి. ఆఖరి అరగంటలో కూరలో కలిపి, మూత ఓరగా పెట్టి హైలో వదిలేయండి. ఎర్ర గోంగూర అయితే పులుపు ఎక్కువ, అప్పుడు టమాటా మానేయండి. చివర్లో ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు పోపు. కుండలో అంతసేపు మగ్గిన కూరకి ఈ పోపుతోనే ప్రాణం లేచొస్తుంది.

ఎండుతునకలు · 20:05

మాది కరీంనగర్ దిక్కు. మా ఇంట్ల ఎండబెట్టిన తునకలు ఉన్నయి, అమ్మ పంపింది. అవి స్లో కుకర్‌ల ఎవరన్నా వండిండ్రా?

నల్లిబొక్క · 20:20

అన్నా, అదృష్టవంతుడివి. వేడినీళ్ళల్ల రెండు సార్లు కడిగి, గంట నానబెట్టు. ఉప్పు, పసుపు పట్టించి ఎండబెడతరు కాబట్టి కూరల ఉప్పు చివరికి చూసి వెయ్యి. వీటికి మాత్రం నీళ్ళు పొయ్యాలె, తునకలు మునిగేదాక. అవి గుంజుకుంటయి. చింతచిగురు దొరికితే ఆఖరుకు వెయ్యి.

ఎండుతునకలు · 20:24

చింతచిగురు ఒహాయోల ఏడ దొరుకుతది అన్నా. గోంగూరతోనే కానిస్త.

పాతపుస్తకం · 21:10

వంట రాదు గానీ ఒక ముచ్చట. స్లో కుకర్‌కి 1940లో పేటెంటు తీసుకున్నాయన పేరు ఇర్వింగ్ నాక్సన్, షికాగో ఇంజనీరు. యూదుల ఇళ్ళలో శనివారం పొయ్యి వెలిగించకూడదు కాబట్టి, శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే మాంసం, చిక్కుడు గింజలు, బార్లీ కలిపి పొయ్యిలో పెట్టి రాత్రంతా ఉడకనిస్తారు. చోలెంట్ అంటారు. తన తల్లి చెప్పిన ఆ వంట కథల నుంచే ఆయనకి ఆలోచన వచ్చింది. 1971లో రైవల్ కంపెనీ దాన్నే క్రాక్ పాట్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. కుల్చా_నహారీ గారి వాదనకి బలం చేకూరినట్టే.

థర్మామీటర్ · 21:18

చిక్కుడు గింజల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా: రాజ్మా గింజలు పచ్చివి నానబెట్టి నేరుగా స్లో కుకర్‌లో వేయకండి. వాటిలో ఒక విషపదార్థం ఉంటుంది. ముందు పొయ్యి మీద 10 నిమిషాలు తెర్లించి, ఆ నీళ్ళు పారబోశాకే వాడాలి. లో సెగలో అది పోదు.

రాత్రిడ్యూటీ · సోమవారం, రాత్రి 7:45

వండేశాం. చక్ రోస్ట్ తెచ్చి రెండంగుళాల ముక్కలు కోశాను. దుకాణంలో నల్లి బొక్క అడిగితే రెండిచ్చారు. మసాలా రాత్రి చేసిపెట్టి, పొద్దున మాంసం వేసి నీరు ఇగిరేదాకా తిప్పి కుండలోకి మార్చాను. నీళ్ళు పావు కప్పే. ఏడో గంటకి చూస్తే ముక్క గరిటెతో నొక్కితే విడిపోతోంది.

అయినా రసం నేననుకున్నదానికంటే ఎక్కువే ఉంది. ముక్కలు తీసి పక్కన పెట్టి, రసం ఒక్కటే వెడల్పు బాణలిలో పెద్ద మంట మీద పది నిమిషాలు మరిగించాను. పైన తేలిన కొవ్వు సగం తీసేశాను. తర్వాత అదే బాణలిలో ముక్కలు, వేయించిన గోంగూర, పోపు. మా ఆయన అన్నం రెండోసారి వండాల్సి వచ్చిందని గొణిగాడు. మిగిలినది రేపు డ్యూటీకి తీసుకెళ్తాం.

మెల్‌బోర్న్_అమ్మమ్మ · 8:02

రసం విడిగా ఇగర్చడం మంచి పని. ముక్కలతో సహా మరిగిస్తే అన్నీ చిదిగిపోతాయి. మిగిలిన కూర కుండలోనే ఉంచి ఫ్రిజ్‌లో పెట్టకమ్మా, లోతు తక్కువ డబ్బాల్లో సర్దు, తొందరగా చల్లారుతుంది.

థర్మామీటర్ · 8:06

రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి. మళ్ళీ వేడిచేసేది పొయ్యి మీదో మైక్రోవేవ్‌లోనో, స్లో కుకర్‌లో కాదు.

కుల్చా_నహారీ · 8:30

ఇగురు చేయించారు సరే, చివరికి బాణలి ఎక్కాల్సే వచ్చింది చూశారా! వచ్చే వారం నహారీ పెట్టండి, బాణలి అక్కర్లేదు. షాంక్ ఎముకతో సహా అడ్డంగా, రెండంగుళాల మందం కోయించుకోండి. మూటలో ఏమేం కట్టాలో రేపు కొత్త చర్చలో రాస్తాను, ఇక్కడ ఇప్పటికే చాలా పొడుగైంది.